చేతులు తుడుచుకోని మనిషి

పోయిన నెల కురుచికుప్పంలో ఒక పెళ్ళి భోజనం ముగించి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, రెండు చేతులూ మొహం ఎత్తుకి లేపి గాలిలో ఆడిస్తూ నిలబడ్డాను. పక్కనున్న పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏంది పాపా, పోలీసోళ్ళు తుపాకి చూపించినారా?" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ అలవాటు నాది కాదు, ఒకాయన దగ్గర అంటుకున్నది. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. చావుకి వెళ్ళాను గానీ అప్పుడు ఏడవలేదు. పెళ్ళిలో, పాయసం తిన్న నోటితో, కుళాయి దగ్గర నిలబడి ఏడ్చాను. నా పనులన్నీ ఇట్లాగే ఉంటాయి.

ఆయన మా ఆఫీసులో మైక్రోస్కోపు చూసే టెక్నీషియను. బోదకాలు తెచ్చే పురుగు మనిషి నెత్తురులో ఉందా లేదా అని గాజు స్లైడుల మీద వెతకడం పని. ఆ పురుగు రాత్రిపూటే పైనెత్తురులోకి వస్తుంది కాబట్టి సర్వే వాళ్ళు రాత్రి ఇళ్ళకి పోయి వేళ్ళు గుచ్చి నెత్తురు చుక్కలు తెచ్చేవాళ్ళు. పొద్దున ఈయన వాటికి రంగు వేసి, ఆరబెట్టి, చూసేవాడు. ముప్పై ఏళ్ళకి పైగా అదే పని. పొట్టి మనిషి, పొట్టి చేతుల తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. వాటిలో ఒకటి ఎప్పుడూ రాయదు. ఎందుకు పెట్టుకుంటారని అడిగితే, "అడిగినోళ్ళకి ఇచ్చేదానికి" అనేవాడు.

రోజుకి పదిసార్లు చేతులు కడుక్కునేవాడు. కడుక్కున్నాక రెండు చేతులూ పైకెత్తి, ఫ్యాను కింద నిలబడి, అవి వాటంతట అవి ఆరేదాకా కదిలేవాడు కాదు. "మామ వరం అడుగుతున్నాడు" అని ఆఫీసంతా నవ్వేది. ఆయన గదిలోకి తువ్వాలు రాకూడదు. ఎవరైనా కుర్చీ మీద చేతిరుమాలు మరిచిపోతే రెండు వేళ్ళతో పట్టుకుని, చచ్చిన ఎలుకని తీసుకుపోయినట్టు తీసుకుపోయి బయట తలుపు గడియకి తగిలించేవాడు. ఇంట్లో అయినా, పెళ్ళిళ్ళలో అయినా అంతే, చేతులు గాలిలోనే. ముసలితనపు చాదస్తం అనుకున్నాను. ఆఫీసులో అందరూ అదే అనుకున్నారు.

ఇంకొకటి ఆయన కన్ను. ఒంటికంటి మైక్రోస్కోపు మీద పని నేర్చుకున్నవాడు. తర్వాత రెండు కళ్ళవి వచ్చినా ఎడమ కన్ను మూసుకునే చూసేవాడు. కంప్యూటరు తెరనీ అట్లాగే చూసేవాడు, ఎడమ కన్ను గట్టిగా మూసి, ముక్కు గాజుకి తగిలేంత దగ్గరగా. ఇంట్లో టీవీ కూడా ఒంటికంటితోనే చూస్తాడని వాళ్ళావిడ చెప్పింది.

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకి నేను కంప్యూటరు చదువు ముగించి, మా ఊరు బాహూరు నించి బస్సులో వచ్చి, ఆ ఆఫీసులో ప్రాజెక్టు ఉద్యోగంలో చేరాను. అందరూ తమిళం మాట్లాడే ఆ ఆఫీసులో మొదటి రోజు నేను ఫోనులో మా అమ్మతో తెలుగులో మాట్లాడటం విని ఆయన నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మీ ఇంట్లో వంకాయ అంటారా, కత్తిరికాయ అంటారా?"

"తమిళంవాళ్ళ మాదిరి కత్తిరికాయే" అన్నాను.

"అయితే మనోళ్ళే" అని వెళ్ళిపోయాడు. ఆ రోజు నించి నేను పాపని, ఆయన మామ. మావి పొలాలున్న ఇళ్ళు, వాళ్ళవి కూలీనాలీ నించి సర్కారు ఉద్యోగాల దాకా ఎక్కి వచ్చిన ఇళ్ళు. రెండిళ్ళలోనూ తెలుగు నోట్లో ఉంది గానీ చేతిలో లేదు. ఆయనకి తెలుగు చదవరాదు. నాకూ అప్పుడు రాదు, ముప్పై దాటాక పట్టుబట్టి నేర్చుకున్నాను. ఇప్పుడు రాస్తున్నది ఆయనకి చదివి వినిపిస్తే, "శానా సాగదీస్తాండావు, స్లైడు మార్చు" అనేవాడు.

సరే, మారుస్తాను. మా ప్రాజెక్టు వినడానికి భలే గొప్పగా ఉండేది. మైక్రోస్కోపుకి డిజిటల్ కెమెరా బిగించి వేల ఫొటోలు తీయాలి. ఏ ఫొటోలో పురుగుందో, ఏ ఫొటోలో లేదో కంప్యూటరుకి చూపించి నేర్పించాలి. నేర్చుకున్నాక, టెక్నీషియను దొరకని ఊళ్ళలో అది తనంతట తనే చెప్పాలి. ఫొటోలు తీయడం, పోగెయ్యడం, నేర్పించడం నా పని. ఫొటోలో పురుగు ఎక్కడుందో మౌసుతో దాని చుట్టూ గీత గీసి చూపించడం ఆయన పని. అంటే ఆయన చేతనే ఆయన పనికి ఎసరు పెట్టిస్తున్నామన్నమాట. నా మీద పగపడతాడని భయపడ్డాను. ఆయన అడిగింది ఒక్కటే: "ఇది టీ తాగేదానికి పోతుందా పాపా?"

"పోదు మామా."

"అయితే దీనికి నేర్పించొచ్చు."

మౌసుని మైక్రోస్కోపు మర తిప్పినట్టు రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పేవాడు. బాణం గుర్తు తెరంతా చిందులు తొక్కేది. వారం తిరిగేసరికి నాకంటే నున్నగా గీతలు గీశాడు. గీస్తూ పురుగుల్ని పలకరించేవాడు. "వీడు చూడు, ఎంత సుఖంగా పండుకోనుండాడో." నాకూ నేర్పాడు. తలకాయ కొసన ఖాళీ, తోక కొసన ఖాళీ, నడుమ వరసగా గింజల్లాంటి చుక్కలు. "గింజలుంటేనే పురుగు. గింజల్లేకుండా ఎన్ని వంకర్లు పోయినా అది పురుగు కాదు. కంటికి తొందర నేర్పొద్దు." ఈ చివరి మాట రోజుకి ఎన్నిసార్లు అనేవాడో లెక్కలేదు.

మూడు నెలలకి ఫొటోల పోగు తయారైంది. నేర్పించడం అయింది. నేర్పకుండా పక్కన దాచిన ఫొటోలతో పరీక్ష పెట్టాము. పురుగుంటే తెర మీద ఎర్ర గుర్తు, లేకపోతే పచ్చ గుర్తు. ఒక్క తప్పు కూడా చెయ్యలేదు! ఒక్కటంటే ఒక్కటి! మా పెద్ద డాక్టరు నా వీపు తట్టాడు. ఇంకో నెలలో బయటి ఊళ్ళ నించి నిపుణులు చూడటానికి వస్తారు, వాళ్ళకి నచ్చితే ఈ పని ఊరూరికీ పోతుంది, నచ్చకపోతే కెమెరా సామాన్ల గదిలోకి పోతుంది అని చెప్పాడు. నేను గాల్లో తేలుతూ పోయి అందరికీ మైసూరుపాకు తెచ్చాను. మామ ముక్క తీసుకున్నాడు గానీ నోట్లో వేసుకోలేదు.

"ఒక్క తప్పు కూడా లేదంటే నాకు భయంగా ఉండాది పాపా. ముప్పయ్యేళ్ళుగా నేనే తప్పులు చేస్తాండా. ఇది నిన్న పుట్టింది."

ఒళ్ళు మండింది నాకు. ఆయన మెల్లగా సొరుగు తెరిచి ఒక చెక్క పెట్టె బయటికి తీశాడు. మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. పురుగున్న స్లైడుల్ని దాచేవాళ్ళు, లేనివాటిని కడిగి మళ్ళీ వాడేవాళ్ళు. ఆ పెట్టెలో ఉన్నవి రెండు రకాలూ కావు. ఆయన తప్పు చెప్పిన స్లైడులు. తప్పు చేసిన ప్రతిసారీ ఆ స్లైడుని కడగనివ్వకుండా అందులో పెట్టుకున్నాడు. అన్నిటికంటే పాతది, మొదటి అరలోది తీసి కెమెరా కింద పెట్టాడు. తెర మీద వంకరగా ఒక దారప్పోగు కనిపించింది.

"అడుగు."

ఎర్ర గుర్తు పడింది.

"దారం మామా, పురుగు మాదిరే ఉంది. ఒకటి పోతే పోనీ" అన్నాను.

ఆయన స్లైడుని పక్కకి జరిపాడు. దారం పోయింది. నెత్తురు కణాలు తప్ప ఇంకేమీ లేని చోటు. "ఇప్పుడు అడుగు." ఎర్ర గుర్తు. ఇంకా జరిపాడు. ఎర్ర గుర్తు. మూడోసారి జరిపాడు, మళ్ళీ ఎర్రదే.

"పురుగు యాడుండాది పాపా?"

ఆ స్లైడునీ, ఈ మధ్య తయారైన ఒక స్లైడునీ కిటికీ దగ్గర తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి చూపించాడు. ఒకటి నీలంగా ఉంది. ఇంకొకటి కొంచెం గులాబి రంగుగా ఉంది. "రంగు కలిపే నీళ్ళను బట్టి మారుతుంది. పాతవన్నీ మన కుళాయి నీళ్ళు. కొత్తవి డిస్టిల్డ్ వాటరు. నీ మిషను పురుగును చూడలా. నీళ్ళను చూసింది."

తప్పు నాదే. పురుగున్న ఫొటోలన్నీ ఆఫీసులో దాచిన పాత స్లైడుల నించి తీశాను. పురుగు లేని పాత స్లైడులు కడిగేసి ఉంటారు కాబట్టి, హాస్టలు పిల్లల నెత్తురు తెప్పించి, కొత్త గదిలో, శుభ్రమైన నీళ్ళతో రంగు వేయించి ఫొటోలు తీశాను. మూడు నెలలు కష్టపడి నేను కంప్యూటరుకి నీలానికీ గులాబికీ తేడా నేర్పాను. రెండు రోజులు టిఫిను డబ్బా తీసుకుపోయి మెట్ల కింద ఒక్కదాన్నే కూచుని తిన్నాను. మూడో రోజు ఆయన అక్కడికి వచ్చి, తడిచేతులు గాలిలో ఆడిస్తూ నిలబడ్డాడు.

"తప్పు చేసినోళ్ళు దాన్ని పెట్టెలో పెట్టుకోవాల. మొగం మీద పెట్టుకోని తిరిగితే ఏం లాభం?"

అప్పుడు ఆ మొదటి స్లైడు సంగతి చెప్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్త. సోలై నగర్‌లో కొత్తగా కాపురానికొచ్చిన ఒక అమ్మాయి స్లైడు అది. చేతులు కడుక్కుని, భుజం మీది తువ్వాలుతో తుడుచుకుని, ఆ వేళ్ళతోనే స్లైడు పట్టుకున్నాడు. తువ్వాలు పోగు అంటుకుంది. పురుగుందని రాశాడు. మందు బిళ్ళలిచ్చే వాళ్ళు పోయి వీధిలో నిలబడి ఆమె పేరు, మొగుడి పేరు, ఇంటి నంబరు గట్టిగా చదివారు. అప్పట్లో అదే పద్ధతి. ఆ రోజు నించి వీధిలో ఆడవాళ్ళు ఆమె మొహం చూడటం మానేసి కాళ్ళు చూడటం మొదలుపెట్టారు. కుళాయి దగ్గర ఆమె బిందె పక్కన బిందె పెట్టేవాళ్ళు కాదు.

మూడు నెలలకి మళ్ళీ చూస్తే దారమని తెలిసింది. పరుగెత్తుకుంటూ పోయి ఆమెకి చెప్పాడు. ఆమె చేపల బుట్ట దించి, "పేరు వీధిలో చదివారు కదా, తప్పని కూడా వీధిలోనే చదవండి" అంది. ఆఫీసుకొచ్చి అడిగాడు. అప్పటి పెద్దాయన ఒప్పుకోలేదు. "నిన్న ఉందన్నావు, ఈరోజు లేదంటున్నావు, నీ ఏ కన్ను నమ్మాలి?" అన్నాడట.

"నాకు కొత్త ఉద్యోగం పాపా. నోరు మూసుకున్నా" అన్నాడు మామ. ఆయన గొంతు అంత చిన్నగా అయిపోవడం నేనెప్పుడూ వినలేదు. ఆయన చేతుల వైపు చూశాను. ఇన్నాళ్ళు నవ్విన నా మొహం నాకే చూపించుకోబుద్ధి కాలేదు.

తర్వాతి మూడు వారాలు మా గది సోడా దుకాణంలా ఉండేది. వరసగా నీళ్ళ సీసాలు. కురుచికుప్పం చేతిపంపు నీళ్ళు, సోలై నగర్ బోరు నీళ్ళు, ఆఫీసు కుళాయి నీళ్ళు, డిస్టిల్డ్ వాటరు. "మీ బాహూరు బావి నీళ్ళు కూడా తే పాపా, తీపి నీళ్ళు ఎట్లుంటాయో చూస్తాము" అంటే బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. కండక్టరు సారా అనుకున్నాడు. పురుగుందని తేలినవాళ్ళ కొత్త స్లైడుల్ని రంగు వెయ్యకుండా సర్వే వాళ్ళ దగ్గర నించి తెప్పించాము. పురుగు లేని నెత్తురు కోసం ఆఫీసులో అందరి వేళ్ళూ గుచ్చాము, పెద్ద డాక్టరుతో సహా. అన్ని రకాల నెత్తురుకీ అన్ని రకాల నీళ్ళూ పోసి రంగు వేశాడు మామ. అంతటితో ఆగలేదు. జీవితమంతా గదిలోకి రానివ్వని తువ్వాళ్ళని తనే తెచ్చాడు. దారాలు, దుమ్ము, రంగు మడ్డి, అన్నీ స్లైడుల మీద వేసి ఫొటోలు తీయించాడు. పురుగు చుట్టూ ఎర్రగీత, పురుగులా కనిపించే దొంగల చుట్టూ పచ్చగీత. తప్పుల పెట్టెలోవన్నీ ఒక్కొక్కటే కెమెరా కిందికి పంపాడు, మొదటిది తప్ప.

"అది కూడా ఇవ్వు మామా. అంత మంచి దారం ఇంకోటి దొరకదు."

"ఇయ్యను. దీన్ని నేర్పించొద్దు. నేర్పించినాక అడిగితే సుమ్మా, ఊరికే చిలక పలుకు. ఇది పరీక్షకి."

నాకు అర్థమైంది. నిపుణులకి నచ్చుతుందా లేదా అన్నది నా గొడవ. ఆయన గొడవ ఆ ఒక్క స్లైడు. ఆయనకి కావలసింది తన కన్ను కాని ఇంకో కన్ను.

ఆ రోజు రానే వచ్చింది. నలుగురు నిపుణులు వాళ్ళ ఊళ్ళ స్లైడులు వాళ్ళే తెచ్చారు, మేము ఎన్నడూ చూడని నీళ్ళు, ఎన్నడూ చూడని రంగులు. కంప్యూటరు ఒకటి రెండు చోట్ల తడబడింది, ఒక పురుగుని వదిలేసింది కూడా. కానీ మిగతావన్నీ టకటకా చెప్పేసింది. ఒకాయన కావాలనే దుమ్ము పట్టిన స్లైడు పెట్టాడు. పచ్చ గుర్తు! ఇంకొకాయన ఒకే ఒక్క పురుగు మూలన నక్కిన స్లైడు పెట్టాడు. ఎర్ర గుర్తు! మా పెద్ద డాక్టరు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఈ పని ఊరూరికీ పోతుందని ఆ గదిలోనే చెప్పేశారు. నేను గెలిచాను. అట్లా అనుకోవడానికి సిగ్గెందుకు, గెలిచాను.

అప్పుడు మామ లేచాడు. చేతులు కడుక్కుని వచ్చి, వచ్చినవాళ్ళందరి ముందూ చేతులెత్తి, ఆరేదాకా నిలబడ్డాడు. అందరూ ఎదురుచూశారు. జేబులో నించి ఆ స్లైడు తీసి కెమెరా కింద పెట్టి, ఎడమ కన్ను మూసి, తెర ముందుకి ముక్కు పెట్టాడు. వంకర దారం కనిపించింది. "అడుగు పాపా."

పచ్చ గుర్తు పడింది.

జరిపాడు. పచ్చ. ఇంకా జరిపాడు. పచ్చ. నిపుణుల్లో పెద్దావిడ మైక్రోస్కోపులో తొంగి చూసి, "దారమే కదా ఇది" అంది.

"అవునమ్మా, దారమే" అన్నాడు మామ. మూసిన కంట్లో నించి నీళ్ళు కారుతున్నాయి. "నాకంటే మేలు పాపా. దీనికి నాకంటే మంచి కన్ను ఉండాది." ఆ మాట ఆయన నోట విన్నప్పుడు నాకు కలిగినంత గర్వం ఆ తర్వాత ఏ సర్టిఫికెట్టూ ఇవ్వలేదు.

ఆ ఫలితం కాగితం మీద అచ్చు వేయించుకుని, సాయంత్రం నన్ను తన మోపెడు వెనక ఎక్కించుకుని సోలై నగర్ తీసుకుపోయాడు. "ఆఫీసులో అడిగినావా మామా?" అంటే, "నోరు నాదే గదా" అన్నాడు. వీధి కుళాయి దగ్గర బండి నిలిపాడు. ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారు. కాగితం విప్పి, గొంతు సవరించుకుని, తమిళంలో వీధి ఆ చివరిదాకా వినిపించేట్టు చదివాడు. ఆమె పేరు, మొగుడి పేరు, ఇంటి నంబరు. ముప్పై ఏళ్ళ కింద నెత్తురులో పురుగుందని చెప్పింది తప్పు. పురుగు లేదు. ఎన్నడూ లేదు. తప్పు చేసింది నేను.

బిందెలవాళ్ళు నోళ్ళు తెరిచి చూశారు. చాలామంది అప్పటికి పుట్టనే లేదు. మూడో ఇంట్లో నించి ఒకామె బయటికొచ్చింది. నెరిసిన జుట్టు, చేతులకి చేప పొలుసులు. ఆయన్ని గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

"ఇప్పుడొచ్చి చదువుతున్నావా అయ్యా? నా కాళ్ళు చూసినవాళ్ళలో సగం మంది పోయారు."

"ఉండేవాళ్ళు విననీ అమ్మా."

ఆమె కుళాయి చుట్టూ చూసింది. బిందె మీద చెయ్యి ఆనించుకుని కూచున్న ఒక ముసలామె వైపు తిరిగి, "విన్నావా అత్తా?" అంది గట్టిగా. ఆ ముసలామె తల ఊపింది. "మళ్ళీ చదవమను, నాకు చెవుడు" అంది. మామ మళ్ళీ చదివాడు, ఇంకా గట్టిగా. కుళాయి దగ్గర ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మమ్మల్ని ఉత్తచేతులతో పోనివ్వలేదు. నాలుగు శంకరా చేపలు ఆయన చేతుల్లో పెట్టింది. సంచీలో వేసుకుని ఆయన కుళాయి కింద చేతులు కడుక్కున్నాడు. అలవాటుగా రెండు చేతులూ పైకి లేచాయి. ఆమె లోపలికి పోయి, ఉతికి మడత పెట్టిన ఎర్రగళ్ళ తువ్వాలు తెచ్చి అందించింది.

ఆయన తువ్వాలు వైపు చూశాడు, నా వైపు చూశాడు. మెల్లగా చేతులు దించాడు. తువ్వాలు తీసుకుని, ఒక్కొక్క వేలూ విడివిడిగా, తీరిగ్గా, పదివేళ్ళూ తుడుచుకున్నాడు.

"మెత్తగా ఉండాది పాపా" అన్నాడు.